ఖాళీగా ఉన్న ఆకు

సోడియం పరమాణువులోకి దిగే ముందు చెప్పులు బయట విప్పాలి. సత్యవేణి తన చెప్పుల్ని కూతురి చెప్పుల పక్కన సర్ది, కొంగు నడుముకి దోపి, అణుశాల గుమ్మం దాటింది. కాళ్ళ కింద నేల మాయమైంది.

పాలకొల్లు బడుల్లో సైన్సు పుస్తకాలు పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు పాఠం చదవరు, పాఠంలోకే వెళ్తారు. కళ్ళు తిరుగుతాయని భయపడే పిల్లకి తోడుగా ఇంటి పెద్దలొకరు వెళ్ళవచ్చు. కూతురు హైమకి మూడుసార్లు కళ్ళు తిరిగాయి, మూడుసార్లూ పరీక్ష తప్పింది. ఇవాళ కూడా తప్పితే పరీక్షకయంత్రం ఓ తరగతి కిందికి దింపేస్తుంది. ఇలాగే ఆరో తరగతిలో వెనకబడ్డందుకే సత్యవేణిని ఇంట్లోవాళ్ళు బడి మానిపించేశారు.

"అమ్మా, నువ్వేం మాట్లాడకు. చెయ్యి పట్టుకో, చాలు."

"నేనేం మాట్లాడతానే? నాకేం తెలుసని!"

నడిమధ్యన పదకొండు ప్రోటాన్లు, పన్నెండు న్యూట్రాన్లు ముద్దలా అతుక్కుని మెరుస్తున్నాయి. వాటి చుట్టూ ఎంతో దూరంలో ఖాళీ కక్ష్యలు. ఎన్ని చోట్లున్నాయో చూపిస్తూ లోపలిదాని మీద రెండు వెలుగు చుక్కలు, తర్వాతదాని మీద ఎనిమిది. పదకొండు ఎలక్ట్రాన్లను అమర్చాలి. హైమ కంగారుగా మూడింటిని లోపలి కక్ష్యలోకి తోసింది.

"చోటు లేదు," అంది యంత్రం. "ఇదే చివరి అవకాశం."

హైమ ఇంకోదాన్ని కూడా అక్కడికే తోయబోయింది. పదేళ్ళుగా పెళ్ళిళ్ళలో వడ్డన చేస్తున్న సత్యవేణి ఇక ఆగలేకపోయింది.

"మొదటి బంతిలో రెండాకులే వేశారు కదే! ఇద్దరు కూర్చుంటే నిండినట్టే. మిగతావాళ్ళని రెండో బంతికి పంపు."

హైమ సర్దింది. రెండు, ఎనిమిది. "ఇంకొకడు మిగిలాడమ్మా!"

"మూడో బంతిలో కూర్చోబెట్టు. పాపం, ఒక్కడే అయిపోయాడే. అలా తింటే వాడికి సయిస్తుందా?"

హైమకి నవ్వొచ్చింది. ఆ నవ్వులో కళ్ళు తిరగడం మర్చిపోయి పక్కనే తేలుతున్న క్లోరిన్ పరమాణువు వైపు చూసింది. దాని చివరి బంతిలో ఎనిమిది చోట్లకి ఏడుగురే ఉన్నారు.

"అమ్మా! పక్క పందిట్లో ఒక ఆకు ఖాళీ!" అంటూ ఒంటరివాణ్ణి అటు తోసింది.

రెండు పరమాణువులూ ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కున్నాయి. వాటి చుట్టూ అలాంటి జంటలే వేలకు వేలు, వరసలు తీరి నిలబడ్డాయి.

"ఏంటే ఇది?"

"ఉప్పమ్మా!"

"ఉప్పా? ఆకులో రోజూ మొదట నేను వేసేది ఇదేనా!"

బయట గవర్రాజు మాస్టారు ఫలితం చూసి నవ్వారు. "ఎలక్ట్రాన్లు అలా కుదురుగా కూర్చోవమ్మా, మబ్బులా పరుచుకుంటాయి. లెక్క మాత్రం మీ బంతుల లెక్కే."

ఫలితాల ఫలకం మీద రెండు పేర్లున్నాయి. హైమ, ఉత్తీర్ణం. సత్యవేణి, ఉత్తీర్ణం, ఆరో తరగతిలో చేర్చుకోవడమైనది.

"అయ్యబాబోయ్! కొట్టేయించండి మాస్టారండీ!"

"జవాబుకి కారణం చెప్పినవాళ్ళని విద్యార్థిగా రాసుకోమని యంత్రానికి నేర్పారు. తోడొచ్చిన అమ్మ నోరు విప్పుతుందని ఎవరూ అనుకోలేదు. కొట్టెయ్యడానికి మీట కూడా లేదు. సోమవారం రండి."

సత్యవేణి నడుముకి దోపిన కొంగు విప్పుకుంది. కూతురి పరీక్ష గండం గడిచిందో లేదో, తన గండం మొదలైంది.

"బడిలో నన్ను బుజ్జీ అని పిలవకూడదు," అంది హైమ చెప్పులు అందిస్తూ.

"సరేలే. సోమవారం ఏం పాఠమే?"

"ఆక్సిజన్."

"అందులో ఎన్నాకులు ఖాళీ?"

"రెండు."

సత్యవేణి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"అయితే మనిద్దరికీ సరిపోతాయి."