వెనక సీట్లో పాత డ్రైవర్

జమ్మలమడుగు బస్టాండులో సిస్టమ్ ఇంజనీర్ దేవపాలును పట్టపగలు చంపేశారు. ఊరు బంద్. బస్సులు ఆగిపోయాయి. ఆయన చూసుకునే సర్వర్ గదికి ఇక ఎవరూ పోలేరు.

ప్రొద్దుటూరులో చీరల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ జమాల్‌కు చీఫ్ ఫోన్ చేశాడు.

"పెన్నాలో నీళ్లొచ్చినాయా?"

"ఇసక లారీలే వచ్చినాయి సార్."

కోడ్ సరిపోయింది. చీఫ్ సంగతి చెప్పాడు. విదేశీ ముఠా ఒకటి సీమలో రెండు పార్టీలకూ బాంబులమ్ముతోంది. పెద్దసుబ్బమ్మ అనే ఆమె మొగుణ్ని ఎదుటి పార్టీ నాయకుడొకడు ఆ బాంబులతోనే చంపించడం ఆమె కళ్లారా చూసింది. ఉన్న సాక్షి ఆమె ఒక్కతే. పులివెందుల దగ్గర లింగాలలో దాచారు. ఆమె ఇంటి అలారం నడిచేది జమ్మలమడుగు సర్వర్ మీద. దాని కెర్నెల్లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ముఠా దూరగల కన్నముంది. ఈరోజే కొత్త కెర్నెల్ వేయాలి, అదీ ప్రొద్దుటూరు నుంచే. రీబూట్ కొట్టాక సర్వర్ లేవకపోతే పోయి బటన్ నొక్కే నాథుడు లేడు.

కొత్త కెర్నెల్ సీడీతో హైదరాబాదు నుంచి ఎలిజబెత్ దిగింది. నల్లకళ్లద్దాలు, లిప్‌స్టిక్‌లో వైర్‌లెస్ సెట్, డిపార్ట్‌మెంట్‌లో పెద్ద ఎక్స్‌పర్ట్ అన్న పేరు.

"పాతది డిలీట్ చెయ్యి. కన్నం ఉన్నది దాంట్లోనే కదా," అంది.

చేశానన్నాడు జమాల్. చేయలేదు. అతని నాయన పీర్ సాహెబ్ ఒక ఫ్యాక్షన్ నాయకుడి జీపు తోలినవాడు. ఆ జీపుకు కొత్త డ్రైవర్‌ను పెడితే, నమ్మకస్తుడని తేలేదాకా పాత డ్రైవర్ వెనక సీట్లో కూర్చోవాల్సిందే. కొత్తవాడు దారి తప్పించినా, దెబ్బతిని పడినా స్టీరింగ్ పాతవాడి చేతికి రావాలి. జమాల్ సర్వర్‌కు అదే ఏర్పాటు చేశాడు. కొత్త కెర్నెల్ లేచేది ఈ ఒక్కసారికే. అది కూలితే సర్వర్ దానంతటదే రీబూట్ కావాలి, అప్పుడు పాతది లేవాలి.

రీబూట్ కొట్టాడు. సర్వర్ ఉలకలేదు, పలకలేదు.

ఎలిజబెత్ లిప్‌స్టిక్ మూత తిప్పింది. "అలారం చచ్చింది. లోపలికి పోండి," అంది. రెండో చేతిలో పిస్తోలుంది. సీడీ ముఠాదేనని జమాల్‌కు అప్పుడర్థమైంది.

లింగాలలో షేర్ ఆటో దిగిన ముఠావాళ్లు సుబ్బమ్మ తలుపు విరగ్గొడుతున్న చప్పుడు లిప్‌స్టిక్‌లోంచి వినబడుతోంది. గడియ ఊడిన చప్పుడైంది. అంతలో స్క్రీన్ మీద అక్షరాలు కదిలాయి. పాత కెర్నెల్ లేచింది. లిప్‌స్టిక్ నిండా సైరన్ మోత, పోలీసుల బూట్ల చప్పుడు. ఎలిజబెత్ స్క్రీన్ వైపు తల తిప్పింది. జమాల్ పిస్తోలు లాక్కున్నాడు.

"డిలీట్ చేశానన్నావుగా?"

"మాకాడ కొత్త డ్రైవర్ను ఒంటిగా పంపరు మేడమ్."

చీఫ్ అసలైన కెర్నెల్ పంపాడు. జమాల్ దాన్నీ అలాగే పరీక్షించి, నిలబడిందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేశాడు.

కోర్టులో పెద్దసుబ్బమ్మ తానేమీ చూడలేదని చెప్పింది. జమాల్ మెట్ల దగ్గర ఆమెను ఎందుకలా చెప్పావని అడిగాడు.

"నా మొగుణ్ని చంపించిన ఆయప్ప మొన్న మావోళ్ల పార్టీలోకే వచ్చినాడు నాయనా. అందరూ రాజీ అయినారు. ఇంగ నేనొక్కదాన్ని చూసినానంటే, నన్ను చంపేది మావోళ్లే."



తర్వాత కొన్నాళ్లకే ఆర్డరొచ్చింది. లింగాలలో అలారం విప్పి ఆ నాయకుడి ఇంటికి బిగించాలట, ఆయన ప్రాణానికి ముప్పుందట. జమాలే పోయి బిగించాడు. టెస్టింగ్‌కని సైరన్ ఒకసారి మోగించాడు. నాయకుడు చెవులు మూసుకున్నాడు.

"సౌండు తగ్గించప్పా," అన్నాడు. "జనాలు భయపడతారు."