మైకులో కెజియా టీచరు

అయినా అది తన గొంతు ఎలా అవుతుంది? పుట్టినప్పటి నుంచీ తనతోనే ఉన్న గొంతు తనకు తెలియదా? మన గొంతు మనకు ఎముకల్లోంచి వినిపిస్తుందట, ఎదుటివాళ్లకు గాలిలోంచి వినిపిస్తుందట. అందుకే రికార్డింగులో ఎవరికి వాళ్లు పరాయివాళ్లలా తోస్తారట. ఎక్కడో చదివింది. కావచ్చు. కానీ పరాయిగా ఉండటం వేరు, ఇలా ఉండటం వేరు.

కెజియా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. బోర్డు మీద "దసరా సెల" దాకా రాసి ఆగింది. కిటికీ అవతల, ఊళ్లో ఎక్కడో మలుపు తిరుగుతున్న ఆటో మీంచి ఆ గొంతు వస్తోంది.

"...మన మూడో తరగతి ప్రీతి మండలం బొమ్మల పోటీలో ఫస్టు వచ్చిందండీ. సెలవుల్లో పిల్లల్ని సాగర్ కాలువ దగ్గరికి పంపొద్దు. ఈత వచ్చినా సరే, పంపొద్దు. నీళ్లు నిండుగా పోతున్నాయి. నా మాట వినండి..."

నా మాట వినండి! కాలువ సంగతి చెబుతూ ఆ మాటను అంత మెత్తగా ఎవరంటారు?

"టీచర్, మీరు మైకులో బాగున్నారు," అంది ముందు వరసలోంచి ప్రీతి.

"బాగున్నారు కాదమ్మా, బాగా మాట్లాడారు అనాలి."

"కాదు టీచర్. బాగున్నారు."

ఇదంతా హెడ్‌మిస్ట్రెస్ ఫిలోమినా గారి ఆలోచన. గురజాల అవతలి ఆ ఊరి ప్రాథమిక బడికి ఉన్నది ఇద్దరే టీచర్లు. నిరుడు దసరా సెలవులకు ముందు చెప్పాల్సినవన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ దండం బొమ్మలు పంపారు, ఒక్కరూ చదవలేదు. బడి తెరిచిన రోజున సగం మంది పిల్లలు పత్తి చేలల్లోనే ఉన్నారు. అందుకని ఈసారి మైకు. చదవడం కెజియా పని, ఊరంతా తిప్పడం ప్రభు పని. అతని ఆటో వెనక ఎర్రటి అక్షరాలతో "రాహేలు సౌండ్స్" అని ఉంటుంది. రాహేలు అతని తల్లి పేరు. పెళ్లికైనా, చర్చి పండగకైనా, దసరా పందిరికైనా ఆ ఊళ్లో మైకు కట్టేది అతనే.

నిన్న సాయంత్రం, పిల్లలంతా వెళ్లాక, ఈ గదిలోనే రికార్డింగు.

మొదటిసారి ఆమె కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని గడగడా చదివేసింది. ప్రభు చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి తల గోక్కున్నాడు.

"బాగా రాలేదా?"

"వచ్చిందండీ. కాకపోతే ఇది వింటే జనం చెత్త బండి వచ్చిందనుకొని బుట్టలు పట్టుకొని బయటికొస్తారు."

"వెటకారమా?"

"అయ్యో, ఉన్నది చెప్తన్నా టీచరుగారూ. మీరు ఊరందరికీ చెప్తన్నారు. అట్లా చెప్తే ఎవరూ వినరు. ఒక్కరికే చెప్పండి."

"ఎవరికి?"

అతను గది నాలుగు మూలలూ వెతికినట్టు చూశాడు. "ఉన్నది నేనొక్కణ్ణే. ఏం చేస్తాం, నాకే చెప్పండి."

"మీకు బడికొచ్చే పిల్లలు లేరుగా."

"గోళ్లున్నయ్ గదా. గోళ్ల సంగతి చెప్పండి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఇంకా పూర్తిగా పోకముందే చదవడం మొదలుపెట్టింది. కాగితం ఎప్పుడు ఒళ్లోకి జారిందో తెలియదు. గోళ్లు కత్తిరించుకోమనీ, పిల్లల్ని పత్తి తీయడానికి తీసుకెళ్లొద్దనీ, కథల పుస్తకం ఇంటికిస్తున్నాం చింపకుండా చదివించమనీ, సెలవులయ్యాక సోమవారమే వచ్చేయమనీ, రాగానే నన్ను పలకరించండనీ, అన్నీ అతనికే చెప్పింది. అతను మాత్రం తల వంచుకుని మిషను మీద ఎగిరిపడే ఆకుపచ్చ దీపాలనే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత వైరు చుడుతూ అడిగాడు.

"సెలవులకి వినుకొండ పోతన్నారా?"

"అవును. రేపు సాయంత్రం బస్సుకి."

"అయితే సెలవుల్లో మా అమ్మని మీ ఇంటికి పంపమంటారా?"

వైరు అతని మోచేతి చుట్టూ తిరుగుతూనే ఉంది. పెళ్లి కావలసిన అబ్బాయి తల్లి, పెళ్లి కావలసిన అమ్మాయి ఇంటికి మిరపకాయల ధర కనుక్కోవడానికి రాదు. ఆ సంగతి తెలిసీ కెజియా అడిగింది.

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలియకపోతే పంపను."

ఆమె ఒళ్లోని కాగితాన్ని మడతలు పెట్టసాగింది.

"ఇప్పుడే చెప్పక్కర్లేదు లెండి. రేపు బస్సెక్కేలోగా చెప్పండి. చెప్పకపోతే వద్దన్నారనుకుంటా. మళ్లీ మాత్రం అడగను."

"అంత కోపమా?"

"కోపం కాదండీ. పొద్దస్తమానం చెప్పిందే చెప్పే యాపారం నాది. ఈ ఒక్క మాటన్నా ఒక్కసారే అడుగుదామని."

అప్పటి నుంచీ ఆమె ఆలోచిస్తూనే ఉంది. ఇష్టమా, కాదా అన్నది కాదు చిక్కు. ఇష్టం ఉంటే అది ఉందని ఎలా తెలుస్తుందన్నది చిక్కు. లోపల ఏ భావం పుట్టినా, పక్కన నిలబడి దాన్ని పరీక్షగా చూసే ఇంకో కెజియా ఉంది. నిజంగానా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోపు అసలు భావానికి విసుగొచ్చి లేచి వెళ్లిపోతుంది. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఇంట్లోవాళ్లు మిఠాయి తిని, చేతులు కడుక్కుని, పడుకున్నాక ఆమెకు సంతోషం వేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరే బడికి వచ్చింది.

"మా ఆయన నిఖా అయిన కొత్తలో కూడా నాతో ఇట్లా మాట్లాడలా టీచరమ్మా," అంది వంట చేసే సుల్తానా, పళ్లెంలో గుడ్డు వేస్తూ.

"ఎట్లా?"

"రాగానే నన్ను పలకరించండి అని. అబ్బబ్బ!"

"అది పిల్లల గురించి సుల్తానా."

"పిల్లల గురించే. నేను కాదన్నానా?"

మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిన ఆదిలక్ష్మమ్మ వరండా స్తంభానికి ఆనుకుని తీరిగ్గా నిలబడింది. "ఏందమ్మా టీచరమ్మా, మావాడు గోళ్లు తీసుకోకపోతే నీకంత దిగులేంది? వింటుంటే నాకే ఏడుపొచ్చింది. ఇంతకీ ఎవరి గోళ్లమ్మా అవి?"

సుల్తానా గరిటె సాంబారు బకెట్లో పడింది. పిల్లలకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వారు.

కెజియా చెవులు వేడెక్కాయి. నేరుగా ఫిలోమినా గారి దగ్గరికి వెళ్లింది. "మేడమ్, మీరు విన్నారుగా. అందులో తప్పేమన్నా ఉందా?"

ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టింది. "ఒక్క అక్షరం తప్పు లేదు. నేనూ నా సర్వీసులో చానా ప్రకటనలు చదివాను కెజియా. ఒక్కటీ ఇట్లా రాలేదు. అంతే."

అంటే ఊరంతటికీ వినిపిస్తోంది. అందరి ఎముకల్లోంచీ వినిపిస్తోంది, తన ఎముకల్లోంచి తప్ప. కెజియా గొడుగు కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

తుంపర పడుతోంది. వాన కాదు, వానకు రావాలని ఉందో లేదో తేల్చుకోలేని తుంపర. టీ కొట్టు దగ్గర ఆటో ఆగి ఉంది. ప్రభు తన తువాలు ఆంప్లిఫయరుకు కప్పి, తను తడుస్తున్నాడు.

"ఆపేయండి," అంది.

అతను వెంటనే నొక్కాడు. ఆమె గొంతు "కథల పుస్త" దగ్గర తెగిపోయింది.

"ఒరేయ్ ప్రభూ, ఎందుకాపావురా? వింటన్నాం గదా!" అని కొట్టు లోపల్నుంచి గులాం మొహిద్దీన్ అరిచాడు.

"మొదట చదివింది పెట్టండి," అంది కెజియా గొంతు తగ్గించి.

"అది నిన్ననే తీసేశానండీ."

"ఎందుకు?"

"అందులో మీరు లేరు."

ఇంకో రోజైతే ఆ మాటను గదికి తీసుకెళ్లి వారం పాటు ఆలోచించుకునేది. ఇవాళ కోపం వచ్చింది.

"మీరు కావాలనే చేశారు. నేను జవాబు చెప్పకముందే ఊరి చేత చెప్పించాలని! అందరూ ఇలా నవ్వుతుంటే ఇక నేను ఏం చెబితే ఏం, చెప్పకపోతే ఏం?"

ప్రభు మొహంలో ఎప్పుడూ ఉండే అల్లరి ఒక్కసారిగా పోయింది. అది లేని మొహాన్ని ఆమె చూడటం అదే మొదలు.

"అట్లా అనుకున్నారా?" అన్నాడు. "ఊరు అనుకునేది ఊరిది టీచరుగారూ. నాకేదో అనిపించబట్టే నిన్న అడిగా, అబద్ధం ఎందుకు? కానీ నాకు అనిపించటం వేరు, మీరు చెప్పటం వేరు. మీరు చెప్పందే నేను విన్నట్టు లెక్కేసుకోను."

జేబులోంచి ఆమె రాసిచ్చిన కాగితం తీశాడు. "ఇంక మీ గొంతు పెట్టను. నేనే చదువుతా. మీరు పోండి, తడుస్తన్నారు."

కెజియా బడి వరండాలోకి వచ్చేసరికి ఆటో కదిలింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు అతను చదవడం మొదలుపెట్టాడు.

"తల్లిదండ్రులకు నమస్కారం. నేను మీ కెజియా టీచర్ని మాట్లాడుతున్నాను."

ఊరు ఒక్కసారిగా గొల్లుమంది. "నువ్వెప్పుడు టీచరమ్మవైనావురా!" అని ఎవరో మిద్దె మీంచి అరిచారు. వరండాలో సుల్తానా కూలబడి నవ్వుతోంది. ప్రభు నవ్వలేదు, ఆగలేదు. కాలువ గురించి చదివాడు. పత్తి గురించి చదివాడు. పెళ్లి పందిట్లో మైకు పట్టుకుంటే ముసలమ్మల్ని కూడా ఆట పట్టించే మనిషి, కరెంటు బిల్లు చదువుతున్నట్టు చదివాడు. "రాగానే నన్ను పలకరించండి" దగ్గరికి వచ్చేసరికి చిన్నగా ఊపిరి తీసుకుని, ఆ మాటను ఎండుకట్టెలా కింద పడేసి ముందుకు వెళ్లిపోయాడు.

కెజియా స్తంభం పట్టుకుని వింటోంది. మనసులో ఏమీ లేనివాడు హాయిగా చదువుతాడు. ఇంత జాగ్రత్తగా, ఇంత పొడిగా, ఒక్క చుక్క కూడా బయటికి చిందకుండా చదవాలంటే లోపల నిండి ఉండాలి. ఆమెను చూసి ఇంకెవరూ నవ్వకూడదని, తన గొంతులో ఉన్నదాన్నంతా అతను మూతపెట్టి మోస్తున్నాడు.

మరి నిన్న మొదటిసారి, మొహానికి కాగితం అడ్డం పెట్టుకుని, తను చదివింది కూడా ఇలాగే కదా?

నిజంగానా అని అడిగే ఆ రెండో కెజియా కోసం ఆమె కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఎక్కడో కూర్చుని ఆమె కూడా వింటున్నట్టుంది.

సాయంత్రం రోడ్డు మీద బస్సు కోసం నిలబడినప్పుడు ఆమెకు జవాబు తెలుసు. కష్టం ఒక్కటే మిగిలింది. నోరు తెరవడం. ఫోన్లో నాలుగు ముక్కలు టైపు చేసి చెరిపేసింది. ప్రతిదీ పాఠశాల తరఫున రాసినట్టే ఉంది. అతను రాడు, మళ్లీ అడగనన్నాడు. అన్నవాడు అన్నట్టే ఉండే రకం.

కానీ ఆటో వచ్చింది. ఆమె కోసం కాదు. మిరప చేలో కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లను దించడానికి వచ్చింది. చివరగా రాహేలు దిగింది, మోకాళ్ల దాకా బురదతో, నడుముకు చెంగు బిగించి. ప్రభు ఆటో ముందుకు వెళ్లి, వదులు కాని మైకు తాడును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. ఇటు చూడలేదు.

"ఊరికా టీచరమ్మా?" అంది రాహేలు. "జాగర్తగా పోయిరా తల్లీ. మావాడికేదో పూనింది. ఆటో ఎక్కినప్పట్నుంచీ పలకటంలా. ఆ మైకులో చదవటం చూశావా, చావు కబురు చెప్తన్నట్టు? చేలో అందరూ ఒకటే నవ్వు."

"అమ్మా, పద," అన్నాడు ప్రభు, తాడుతో చెబుతున్నట్టు.

"పోదాం లేరా. నీకేం తొందర? టీచరమ్మతో ఒక మాట మాట్లాడనీ."

మలుపులో కారంపూడి మీదుగా పోయే వినుకొండ బస్సు కనిపించింది. కెజియా లోపల వాక్యాలు వరస కట్టాయి. మీ అబ్బాయి అడిగిన విషయం గురించి తెలియజేసేది ఏమనగా. ఛీ. నాకు అభ్యంతరం లేదని. ఛీ ఛీ.

ఈ ఊళ్లో ఎవరూ ఎవరినీ వరస కలపకుండా పిలవరు. పెద్దమ్మ అంటే ఒక దారి, పిన్ని అంటే ఒక దారి. వచ్చినప్పటి నుంచీ తను మాత్రం రాహేలును ఆంటీ అనే పిలుస్తోంది. ఎటూ పోని, ఏదీ తేల్చని పిలుపు. అలాంటి పిలుపులోనే తనకు ఇన్నాళ్లూ హాయిగా ఉంది.

బస్సు ఆగింది. "వినుకొండ, వినుకొండ! ఎక్కాలమ్మా, ఎక్కాలి!" అని కండక్టరు తలుపు చరిచాడు.

ఆమె బ్యాగు మెట్టు మీద పెట్టింది. ఒక కాలు కూడా పెట్టింది. మళ్లీ దిగింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి, బురద చూసుకోకుండా రాహేలు చెయ్యి పట్టుకుంది. తాడు బిగిస్తున్న చేతులు ఆగడం పక్క చూపులోనే తెలిసింది.

"అత్తా," అంది కెజియా, ఆటో ముందు నిలబడ్డ మనిషికి కూడా వినిపించేలా. "ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి రండి. మా అమ్మకు చెప్పి ఉంచుతాను."