పన్నెండు గింజల ఆపరేషన్

“కవర్ స్టోరీ ఏమిటి సార్?”

“హాలిడే. ముగ్గురు స్నేహితులు సరదాగా ట్రిప్పుకు వెళ్తున్నారు.”

“ఎక్కడికి?”

“అనంతపురానికి.”

“మే నెలలోనా?”

చీఫ్ ఫైలు తెరిచాడు. ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని ప్లాన్లు గీసేవాడికి సీమ ఎండ గురించి ఏం తెలుసు? ఏజెంట్ మహేశ్వరికి తెలుసు. ఆమెది అనంతపురం పక్కనున్న బత్తలపల్లె.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. పరిశోధన కేంద్రం నుంచి పన్నెండు వేరుశనగ గింజలు మాయమయ్యాయి. రెండు నెలలు వాన మొహం చూడకపోయినా కాయ కట్టే కొత్త రకం. కొనబోయేవాడు క్రాస్, ఒక విదేశీ విత్తన ముఠా మనిషి. గింజలు దేశం దాటితే ఆ ముఠా వాటిమీద పేటెంట్ తెచ్చుకుంటుంది.

“కేంద్రంలో మిగతా విత్తనం భద్రంగా ఉంది. ఈ పన్నెండూ బయటికి పోకూడదు. పట్టుకో. కుదరకపోతే నాశనం చెయ్.”

మహేశ్వరికి పేటెంట్ చట్టాలు తెలియవు. తన నేలకోసం పుట్టిన విత్తనానికి, ఊళ్లో వేరుశనగ వేసే నాయన నారాయణప్ప పరాయివాడి ముందు చెయ్యి చాచి నిలబడాలన్నది మాత్రం అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

గుంతకల్లు జంక్షన్‌లో ముగ్గురూ కలిశారు. సాహిల్ అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు, గాడ్జెట్ల నిపుణుడు. పెన్నులో కెమెరా, బొత్తాంలో మైకు తెచ్చాడు. ఫోన్ చార్జర్ మాత్రం ఇంట్లో మరిచిపోయాడు.

మూడోవాడు శశికుమార్. ముఠాలోకి మనం పంపిన డబుల్ ఏజెంట్. నల్లకళ్లద్దాలు, చేతిలో సెంటుసీసా, రైలుపెట్టె కిటికీలో తన మొహం తానే చూసుకునే జబ్బు. హెడ్‌క్వార్టర్స్‌కు వాడంటే మహా మురిపెం.

“మాది కుందుర్పి” అన్నాడు. యాసలో తప్పు పట్టడానికి లేదు. “క్రాస్ రేపు సాయంత్రం దిగుతాడు. గింజలు వాడి మనుషుల కాడ ఉండాయి. ఈ దినం రెస్ట్ తీసుకోండప్పా.”

అనంతపురంలో బుక్ చేసిన ఫ్లాట్ పేరు ‘రాయల్ హాలిడే సూట్స్’. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మొదటి అంతస్తు, రెండు గదులు, మూడు మంచాలు, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను. వెబ్‌సైట్‌లో కనిపించిన స్విమ్మింగ్ పూల్ ఎక్కడా లేదు. కేర్‌టేకర్ సుంకమ్మ తాళంచెవి ఇచ్చి ముగ్గురినీ కిందినుంచి పైదాకా చూసింది.

“ఎండాకాలంలో ఈడికి చూసేకి వచ్చినారా? ఏం చూస్తారప్పా?”

ముగ్గురూ నవ్వారు. గూఢచారులు నవ్వితే ఎంత అసహ్యంగా ఉంటుందో ఆమె మొహంలోనే తెలిసింది.

బ్యాగులు సర్దుకుంటుండగా కిందినుంచి కేక వినబడింది.

“నీళ్లొచ్చినాయి!”

బిల్డింగ్ మొత్తం లేచింది. తలుపులు తెరుచుకున్నాయి, ఖాళీ బిందెలు మోగాయి. సాహిల్ బిందె పట్టుకుని ఉరికాడు. మహేశ్వరి బకెట్ అందుకుని మెట్లమీదికి వచ్చేసింది. మిషన్, చీఫ్, క్రాస్, అంతా ఆ క్షణంలో మరిచిపోయింది.

సగం మెట్లు దిగాక ఆగింది.

శశికుమార్ లేవలేదు. తను బయటికి ఉరికేటప్పుడు కూడా కాలుమీద కాలేసుకుని ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. కరువుకు పేరుమోసిన కుందుర్పిలో ఈ కేక వింటే పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు కూడా లేచిపోతాడు. వీడు కనీసం తలెత్తలేదు!

కింద అందరూ కొళాయి చుట్టూ ఉన్నారు. పైన మనిషి లేడు. వాడు చెప్పిందంతా అబద్ధం. గింజలు చేతులు మారేది రేపు సాయంత్రం కాదు, ఇప్పుడే!

ఆమె వెనక్కి పరుగెత్తింది. అప్పటికే పక్కమెట్ల మీదుగా ఒక తెల్లవాడు మెకానిక్ వేషంలో గుమ్మంలోకి వచ్చేశాడు.

“నేను ఏసీ బాగుచేయుటకు వచ్చితిని.”

ఆ ఫ్లాట్‌లో ఏసీయే లేదు. ఇంత తెలివితక్కువవాళ్లా మన విత్తనం ఎత్తుకుపోయేది అని మహేశ్వరికి సిగ్గేసింది.

శశికుమార్ సెంటుసీసా అడుగు విప్పి గింజలు అరచేతిలో పోసుకున్నాడు. క్రాస్ చెయ్యి చాచాడు. మహేశ్వరి క్రాస్‌ను తోసుకుని లోపలికి దూకి, బకెట్‌తో శశికుమార్ నెత్తిన ఒక్కటిచ్చింది. వాడు కూలబడ్డాడు. గింజలు చిందకముందే వాడి గుప్పిట విడదీసి అన్నీ లాక్కుంది.

క్రాస్ పిస్టల్ తీశాడు. “ఇచ్చివేయుము. మూడు లెక్కించెదను. ఒకటి... రెండు...”

పన్నెండు గింజలూ నోట్లో వేసుకుని, వాడి కళ్లలోకి చూస్తూ కసకసా నమిలి మింగేసింది.

క్రాస్ నోరు తెరిచి నిలబడిపోయాడు. వాడి వెనక సాహిల్ నిండుబిందెతో వచ్చాడు. ఒక్క చుక్క తొణక్కుండా బిందె కింద పెట్టి, అప్పుడు క్రాస్ పిస్టల్ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

ఇద్దరికీ బేడీలు పడ్డాయి. మహేశ్వరి ఫోన్ చేసింది.

“గింజలేవి?” అన్నాడు చీఫ్.

“నమిలేసినా సార్.”

“రిపోర్టులో ఎలా రాయాలి?”

“మీరే రాసుకోండి సార్. ఆ శశికుమార్‌ను మెచ్చుకుంటూ మీరు రాసిన రిపోర్టు పక్కనే పెట్టండి.”

ఫోన్ పెట్టేసేసరికి గుమ్మంలో సుంకమ్మ నిలబడి ఉంది. బేడీలు చూసింది, పిస్టల్ చూసింది, మూలన దొర్లిన ఖాళీ బకెట్ దగ్గర ఆమె చూపు ఆగింది.

“నీళ్లు నిలిచిపోయినాయి. ఏమ్మే, బకెట్ పట్టుకోని యాడికి పోయినావు?”

“దొంగల్ని పట్టుకున్యామక్కా.”

“దొంగలు రేపైనా దొరుకుతారు. నీళ్లు మళ్లా మూడు దినాలకే.”