తాళమేసిన క్వార్టర్‌ల ఫోన్

దమ్మపేట దాటి, అడివి మొదలయ్యే కాడ మా దవాఖానా. దాని వెనుక తాళమేసిన డాక్టరు క్వార్టర్. 2003ల దాని పేరెత్తితేనే ఏడ్చే పిల్లలు గప్పున నోరు మూసేటోళ్లు. మనిషి లేని ఆ ఇంట్ల రాత్రిపూట ఫోన్ మోగేది! ఆ రింగు ఎవరి చెవిన పడితే వాళ్లింట్ల పీనుగ లేస్తదని చెప్పుకునేటోళ్లు.

నేనైతే వేరే తీరుగ అనుకునేదాన్ని — లోపల ఎవతో పెండ్లికూతురు ఉన్నది, చచ్చినంక గూడ తనవాని ఫోన్ కోసం ఎదురుచూస్తుందని. తల్చుకుంటే కండ్లల్ల నీళ్లు తిరిగేవి.

తండా సోమ్లా చెప్పింది వినేదాంక ఆ పిచ్చి పోలే.

ఆ రాత్రి ఆయన పెండ్లాం మంగ్లికి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. దవాఖానా జీపు రావాలె. ఆయన తమ్ముడు లాల్‌సింగ్, తండా కొట్టు అరుగు మీది కాయిన్ బాక్స్ ఫోన్ కాడ నిలబడి దవాఖానాకు చేస్తనే ఉన్నడు... ఎవ్వరూ ఎత్తుతలేరు.

"నువ్ చేస్తుండు. నేనే పోత," అని సోమ్లా సైకిలెక్కిండు.

వాన. టేకాకుల మీద టపటప... దవాఖానాకు అడ్డదారి ఆ క్వార్టర్ పక్కనుంచే.

ట్రింగ్... ట్రింగ్...

సోమ్లా సైకిల్ ఆపిండు. విననే విన్నడు! ఇంటికాడ మంగ్లి...

ఉరుకుదామా? విన్నంక ఉరికి ఏం లాభం? లోపలున్నదాని కాళ్లే మొక్కుదామనుకుండు. కిటికీ చెక్క గుంజి దూరిండు. గబ్బిలాల కంపు. చీకట్ల చేతులు చాపి తడిమితే — తగిలింది, చల్లగ. రిసీవర్ ఎత్తిండు.

"అమ్మా... మంగ్లిని ఇడిచిపెట్టు. కావాలంటే నన్ను తీస్కపో..."

అవతల ఊపిరి. తర్వాత సన్నగ, ఏడుపు గొంతు —

"మంగ్లి... మంగ్లి సచ్చిపోయేటట్టున్నది..."

సోమ్లా రిసీవర్‌ను చెవికి ఒత్తుకుండు.

"జల్దీ జీపు పంపుండ్రి సారూ! నేను తండా లాల్‌సింగ్‌ని!"

తమ్ముడే!

సోమ్లా ఉరికిపోయి దవాఖానా తలుపు తన్నిండు. నర్సు నాగక్క మూలకు ముడుచుకొని కూసుంది. బల్ల మీద ఫోన్... రిసీవర్ తీసి పక్కన పెట్టి ఉన్నది.

"ఏందక్కా ఇది?"

"ఆర్నెల్ల కింద ఓనాడు నేను దీంట్ల మాట్లాడుతుంటెనే క్వార్టర్‌ల అది మోగింది తమ్మీ. ఆ దయ్యం తీగెంబడి దీంట్లకు గూడ వస్తదని... అప్పటిసంది చీకటి పడంగనే తీసి పెడుతున్న."

జీపు పోయింది. తెల్లారంగ ఆడపిల్ల పుట్టింది. మంగ్లి బతికింది.

సోమ్లా చెప్పింది విని, పొద్దుగాల లైన్‌మన్ అబూబకర్ వచ్చి పడీపడీ నవ్విండు.

"దయ్యం గియ్యం ఏం లేదక్కా! దవాఖానాకు నంబరు ఒక్కటే, లైన్లు రెండు. ఇది బిజీ ఉంటే ఎక్స్‌ఛేంజి ఆ కాల్‌ను రెండోదానికి మలుపుతది. రెండోది క్వార్టర్‌ల ఉన్నది. డాక్టరు ఖాళీ చేసినంక ఎవరూ తియ్యలే. నువ్ రిసీవర్ తీసి పెడితే మిషన్‌కు బిజీ కిందనే లెక్క. నువ్ భయపడి తీసిన కొద్దీ ఆడ మోగుతనే ఉంటది!"

నాగక్క నవ్వలే. మెల్లగ అడిగింది.

"అయితే తమ్మీ... ఈ ఆర్నెల్లు అది మోగిన రాత్రులల్ల గూడ... ఎవరో ఒకరు ఆపదల మాకు ఫోన్ చేసినట్టేనా?"

అబూబకర్ తల దించుకొని వైరు చుట్టుకుంట కూసున్నడు.