చాయ్ పెట్టు, వస్తున్న

"చచ్చిపోయిన మనిషి పిలుస్తుండు సాబ్. నా దిమాగ్ మంచిగనే ఉంది, నమ్ముండ్రి," అంది కుల్సుమ్, బురఖా అంచు వేళ్లకు చుట్టుకుంటూ.

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణం పైగదిలో ప్రైవేట్ డిటెక్టివ్ వైకుంఠం కళ్లు మూసుకుని వింటున్నాడు. పక్కన అసిస్టెంటు సాయిప్రియ. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి ఆమె.

కుల్సుమ్ భర్త మొహియుద్దీన్ ఆటో నడిపేవాడు. పోయిన వానాకాలం బేగంబజార్ నుంచి యాకుత్‌పురాకు వస్తుంటే ఆటో బోల్తాపడి చనిపోయాడు. వాళ్ల సంఘం ఆటోలన్నిటికీ చిన్న రేడియో పెట్టెలున్నాయి. రద్దీలో ఫోన్లు మొండికేసినా అవి ఒక ఆటో నుంచి ఇంకో ఆటోకు మాట దాటిస్తాయి. డ్రైవర్ల ఇళ్లలో కిటికీకి కూడా ఒకటి బిగించారు. మొహియుద్దీన్ రోజూ ఇంటికి ఒకే మాట పంపేవాడు. ఇప్పుడు, నడివేసవిలో, కొన్ని సాయంత్రాలు అదే మాట అదే గొంతుతో వస్తోంది.

"ఆయన ఆటోల ఉన్న పెట్టెను ఆ రోజే ఎవరో ఎత్తుకపోయిండ్రు. మా మరిది అర్బాజ్, 'భాభీకి పిచ్చి లేసింది, కిటికీల పెట్టె పీకి పారేస్త' అంటుండు. ఇది ఎవరిదన్న మజాకా సాబ్, లేకుంటే..."

"పిలుపొచ్చినప్పుడు మీరేం చేస్తరమ్మా?"

"చాయ్ పెడుత," అంది తల వంచుకుని. దొంగ దొరకాలనే వచ్చింది. దొరికితే ఆ గొంతు ఆగిపోతుందేమోనన్న బెంగ మాత్రం ఆమెకు మెట్లెక్కుతున్నప్పుడే పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం ముగ్గురూ ఆమె ఇంట్లో కూర్చున్నారు. బయట గల్లీలో దుమ్ము లేస్తోంది. ఉన్నట్టుండి పెట్టె గరగరలాడింది. వెనక జోరువాన చప్పుడు.

"కుల్సుమ్, చాయ్ పెట్టు, వస్తున్న."

కుల్సుమ్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పెట్టె మీద వెలిగిన అక్షరాలను వైకుంఠం చదివాడు: నడుమ ఆటోలు సున్న. సాయిప్రియ బయటికి పరుగెత్తేసరికి గల్లీలోకి వచ్చిన ఆటో ఏదో తెలియకుండా మొదట్లోని ఆటోల గుంపులో కలిసిపోయింది.

పెట్టెలు బాగుచేసే బాలకిషన్‌ను వైకుంఠం ప్రశ్నించాడు.

"మాట ఎట్ల పోతది?"

"దగ్గర దగ్గర తిరిగే ఆటోలు ఒక గుంపు అయితయి సార్. ఆగమాగం కాకుండ అందరితోని కలిసి నడిచే ఆటోను పెట్టెలే సర్దార్‌గ ఎన్నుకుంటయి. ఈ సర్దార్ నుంచి పక్క గుంపు సర్దార్‌కు, గట్ల ఇంటిదాక."

"నడుమ ఆటోలే లేకుంటే?"

"పెట్టె ఆ మాటను దాచుకుంటది. దారి దొరికినంక పంపుతది. 'అందింది' అని జవాబొస్తేనే చెరిపేస్తది. జవాబు సర్దారే చేర్చాలె."

"మొహియుద్దీన్ నంబరు ఇంకా సంఘంలో ఉందా?"

"లేదు సార్. పోయినోళ్ల నంబరు అదే రోజు తీసేస్తం. అది మా సంఘం రివాజు."

వైకుంఠం మీసం దువ్వుకున్నాడు. సాయిప్రియ మొహం వెలిగిపోయింది.

తరువాతి సాయంత్రం ఆయన అందరినీ ఆ ఇంటికి పిలిపించాడు. అర్బాజ్, బాలకిషన్, మొహియుద్దీన్ ప్రాణస్నేహితుడు షాహెద్, ముగ్గురూ ఆటోలు నడిపేవాళ్లే. ఆటోలు మెయిన్ రోడ్డు మీదే ఆపించి, ఒక్కొక్కటే గల్లీలోకి తెమ్మన్నాడు. అర్బాజ్ తెచ్చాడు. పెట్టె పలకలేదు. బాలకిషన్ తెచ్చాడు. పలకలేదు. షాహెద్ ఆటో మలుపు తిరగగానే కిటికీ పెట్టెలో వాన చప్పుడు మొదలైంది.

"కుల్సుమ్, చాయ్ పెట్టు, వస్తున్న."

అర్బాజ్ వెళ్లి షాహెద్ కాలర్ పట్టుకున్నాడు. వైకుంఠం విడిపించాడు.

"ఈ ఎండల్లో వాన చప్పుడంటే ఇది పాత మాట. నడుమ ఆటోలు సున్న అంటే పంపే పెట్టె ఈ గల్లీలోనే ఉంది. ఆ రోజు వానకు ఆటోలన్నీ ఆగిపోయినయి, మాటకు దారి దొరకలేదు. పెట్టె దాచుకుంది. సంఘంలో లేని నంబరు మాటను వేరే ఆటోలు దాటించవు, కాబట్టి షాహెద్ ఇటు వచ్చినప్పుడల్లా అదే నేరుగా పంపుతుంది. ఆ నంబరుకు సర్దార్ జవాబు కూడా చేర్చదు. అందుకే అది మళ్లీ మళ్లీ పంపుతుంది."

షాహెద్ సీటు ఎత్తాడు. కింద, బ్యాటరీకి తగిలించి, మొహియుద్దీన్ పెట్టె. ఎర్ర లైటు మిణుకుమంటోంది.

"అది మాట్లాడుతదని నాకు తెల్వదు భాభీ," అన్నాడు ఏడుస్తూ. "ఆ లైటు వెలుగుతుంటే వాడు పక్కన కూసున్నట్టుండె. ఈ ఎండకాలం నుంచి మీకు తిరిగి ఇద్దామనే వస్తుంటి. గల్లీ మొదట్లనే ధైర్యం చాలక మర్లిపోతుంటి."

కుల్సుమ్ అతని వైపు చూడలేదు. "అంటే, ఆయనకు జవాబు అందనే లేదా సాబ్? నేను చాయ్ పెట్టినట్టు ఆయనకు తెల్వనే తెల్వదా?"

"నంబరు మళ్లీ ఎక్కిస్తే అందుతుందమ్మా. అప్పుడు ఆ మాట చెరిగిపోతుంది, ఇక రాదు. ఎక్కించకపోతే ఇట్లనే వినొచ్చు."

"ఉండనియ్ భాభీ," అన్నాడు అర్బాజ్ నెమ్మదిగా. "నేను పీకను."

బతికినన్నాళ్లూ ఆ గొంతు వినాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో! కానీ విన్న ప్రతిసారీ ఆయన ఆ వానలోనే నిలబడి ఉన్నాడు, తడుస్తూ, జవాబు కోసం చూస్తూ.

"ఎక్కియ్యన్నా," అంది బాలకిషన్‌తో.

బాలకిషన్ నంబరు ఎక్కించగానే పెట్టె ఆఖరిసారి పలికింది. ఆమె కళ్లు మూసుకుని వాన చప్పుడుతో సహా విన్నది. షాహెద్ సీటు కింద ఎర్ర లైటు ఆరిపోయింది.

ఆమె లోపలికి వెళ్లి చాయ్ పెట్టి, మొదటి గ్లాసు నింపి తెచ్చి, గడప అవతల నిలబడ్డ షాహెద్‌కు అందించింది.

"లోపలికి రా భాయ్. చాయ్ అయింది."