క్వారీ గంట

ఆ పూట పంతులమ్మ ప్రమీలారాణికి ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి! మూడేళ్లుగా జగ్గయ్యపేటలో బస్సు దిగి, అక్కణ్ణించి కొండెక్కి ఆ బడిని నెత్తిన పెట్టుకుని మోస్తోంది. ఆఫీసులో బోర్డడిగితే లేదన్నారు. గంటడిగితే నవ్వారు. ఆఖరికి కొండ వెనక ఎప్పుడో మూతపడ్డ సున్నపురాతి క్వారీలో ఓ రైలుపట్టా ముక్క వేలాడుతుంటే, దాన్నే మోయించుకొచ్చి నిన్న సాయంత్రం బడి వసారాలో కట్టించుకుంది.

ఇవాళ ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు. పిల్లలు కనబడకపోతే బడి ఎత్తేస్తామని ముందే చెప్పారు. ఎత్తేస్తే ఈ కొండ మీది పిల్లలకి ఇక చదువు లేనట్టే. తీరా చూస్తే బడిలో పురుగు లేదు! మిరపకోతలని అందర్నీ వాగవతలికి తోలుకుపోయారు తల్లిదండ్రులు.

"ఒక్క పూట ఆగలేకపోయారా బసవమ్మా?" అంది ప్రమీలారాణి, బడికి నీళ్లు తెచ్చే ముసలమ్మతో.

"కూలి పోద్ది గదమ్మా" అంటూనే బసవమ్మ పట్టాముక్కని చూసి ఠక్కున బిందె దించేసింది. "ఇది క్వారీది గాదూ? రాయి పేల్చేముందు దీన్ని కొట్టేవోళ్లు. ఇనబడ్డోళ్లంతా పరిగెత్తి దాక్కోవాల. ఓనాడు కొట్టడం మరిచిపోయారమ్మా... కంకర కొట్టే పసోళ్లందరూ... వద్దు తల్లీ, కొట్టబాక."

"నీ కబుర్లు వింటూ కూచుంటే బడి నిలిచినట్టే! ముందెళ్లి పిల్లల్ని తీసుకురా. క్వారీలోంచి అడ్డంపడి రండి, తొందరగా."

ముసలమ్మ గొణుక్కుంటూ వెళ్లింది. కాసేపటికే కొండ కింద స్కూటరు చప్పుడు. పిల్లల జాడ లేదు. ఇంకేం చేస్తుంది? సుత్తి తీసుకుని, ఆఫీసు మీది కసంతా ఆ ఇనుము మీద తీర్చుకుంది. ఆ మోత కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది.

కొండ మలుపులోంచి పిల్లలొచ్చారు. చేతులు నెత్తిన పెట్టుకుని, వంగి, ఒకటే పరుగు. బసవమ్మే పంపిందనుకుంది. "నా తల్లులే, నా నాయనలే" అంటూ గబగబా లోపల కూచోబెట్టింది. మొహాలు చూసే తీరికెక్కడిది?

కిటికీ లేని గది. కొండ నీడ పడి అప్పుడే మసకేసింది. అంతమంది కూచున్నా చిన్న అలికిడి లేదు. ఒంటినిండా తెల్లటి రాతిపొడి. మిరప ఘాటు రావాలి కదా, రాలేదు. కాలిన పేలుడుమందు వాసనొచ్చింది.

ఇన్‌స్పెక్టరు గడప దగ్గరే ఆగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "పర్లేదే, నిండుగానే ఉంది! గోడలకి బదులు పిల్లలకి సున్నం కొట్టించారా ఏంటి?" తన మాటకి తనే నవ్వుకుని, "సర్లెండి, బడి ఉంటుంది" అనేసి దిగిపోయాడు.

బడి నిలిచింది! ప్రమీలారాణికి ఏడుపొచ్చినంత పనైంది. వెనక్కి తిరిగి, అప్పుడు చూసింది వాళ్ల మొహాలు.

ఒక్కరూ... తెలిసినవాళ్లు కాదు.

వసారాలోకొచ్చి లాంగ్ బెల్ కొట్టింది. ఎవరూ లేవలేదు. అందరి చూపూ క్వారీ వైపున్న గోడ మీదే.

"బెల్లయిందిగా... వెళ్లండమ్మా..."

ముందు వరస పిల్ల గుసగుసగా అంది. "ఇంకా పేలలేదు అమ్మగోరూ."

"ఏంటి పేలేది? క్వారీ మూసేసి ఎన్నేళ్లయిందీ..."

అంతలో కొండ వెనకనుంచి కేరింతలు. ఈసారి తెలిసిన గొంతులే... తన పిల్లలు! బసవమ్మ కేక కూడా వినబడింది.

"వస్తన్నాం పంతులమ్మా! నువ్వు చెప్పినట్టే క్వారీలో దిగాం!"

"వద్దు! అటు రావద్దు! వెనక్కి పొండి!" గొంతు చించుకుని అరిచింది ప్రమీలారాణి. కేరింతలు దగ్గరవుతూనే ఉన్నాయి.

గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు.