పీకేసిన మూడో డిస్కు

డోన్ అవతల నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల వేళ కోత మిషన్లు ఆపేస్తారు. అప్పుడుగాని ఆఫీసు గదిలో మనిషి మాట మనిషికి వినబడదు. కెమెరాల రికార్డింగ్ మెషీన్ బాగుచేయడానికి కర్నూలు నుంచి వచ్చిన శివజ్యోతి ఆ వేళే చూసుకుని పనిలోకి దిగింది. గది నిండా తడిసిన రాతిపొడి వాసన.

మెషీన్‌లో నాలుగు గూళ్ళు, గూటికో హార్డ్ డిస్కు. పవర్ ఆపకుండానే పాతది లాగి కొత్తది పెట్టుకోవచ్చు. కాకపోతే ముందు తెర మీద ఆదేశమిచ్చి ఆ డిస్కును విడిపించాలి. చెప్పాపెట్టకుండా లాగితే డిస్కుకీ సిస్టమ్‌కీ మధ్య కబుర్లు మోసే డ్రైవర్ అనే ప్రోగ్రాం తికమకపడుతుంది. ఇక్కడ తికమక దశ ఎప్పుడో దాటిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలే.

మూత తీసి చూశాక శివజ్యోతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిస్కులన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు!

"ఆయుధపూజ నాడు చంద్ర చేసిన పనమ్మా," అన్నాడు మేనేజర్ నారాయణ. "ఆపితే రికార్డింగ్ పోతాదని, మెషీన్ నడస్తాండంగానే ఒక్కోటీ పీకి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ళా దోసినాడు. ఏది యాడిదో చూసుకోల్యా."

చంద్ర అంటే ఈ కెమెరాలు చూసుకునే మనిషి. పూజ సాయంత్రం నుంచి ఇల్లు చేరలేదు. అతని భార్య సుజన పొద్దుటి నుంచీ ఆఫీసు గడప దగ్గరే కూర్చుని ఉంది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ సాయంత్రం గేటు దాటి తన భర్త ఎటు తిరిగాడో చూడాలి.

"బెంగుళూరు పనికి పోయింటాడు లేమ్మా. ఆ దినం రికార్డింగే ల్యా," అని నారాయణ ఆమెను కసురుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి శివజ్యోతితో అన్నాడు. "మూడోది చెడిపోయినట్టుండాది. తీసి నాకిచ్చెయ్ అమ్మా. తెరిచి సూడొద్దు."

డ్రైవర్ అంటే లారీ నడిపేవాడే అనుకునే పెద్దమనిషికి, చెడిపోయిన డిస్కు ఎన్నోదో మాత్రం ఎలా తెలుసు? శివజ్యోతికి ఒళ్ళు మండింది. ఏదో తుడిచేయాలని చూస్తున్నాడు ఈయన.

"మీరు తిని రాండి సార్. ఈలోపు చూస్తాను," అని పంపించింది. ఆయన పోతూ పోతూ రెండుసార్లు మెషీన్ వైపు బెదురుగా చూశాడు.

డ్రైవర్‌ని తీసేసి మళ్ళీ ఎక్కించింది. మూడో డిస్కును తెర మీద విడిపించి, పద్ధతిగా బయటికి లాగింది. బొటనవేలికి ఎర్రగా అంటింది. దసరా పోయి ఎన్నాళ్ళో అయింది... కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

గూడు ఖాళీ. దాని పచ్చదీపం మాత్రం ఆరలేదు. తెర మీద మూడో డిస్కు ఉన్నట్టే చూపిస్తోంది. ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

డ్రైవర్ పాత సంగతి పట్టుకుని వేలాడుతోంది అనుకుంది. ఇలాంటివి ఆమె చాలా చూసింది. మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది. ఎర్ర అక్షరాలన్నీ పోయాయి. మూడో డిస్కు పోలేదు. ఆ డిస్కేమో ఆమె ఒళ్ళో ఉంది.

వద్దనుకుంటూనే తెర మీద ఆ మూడో డిస్కు రికార్డింగ్ తెరిచింది. పూజ సాయంత్రం... గేటు దగ్గరి కెమెరా...

"అక్కా... ఆయప్పే!" సుజన లేచి వచ్చింది.

చంద్ర గేటు దాటాడు. బస్సులు ఆగే రోడ్డు వైపు కాకుండా పాత క్వారీ వైపు తిరిగాడు. బొమ్మ అక్కడితో ఆగిపోవాలి. గేటు అవతల కెమెరాలు లేవు.

ఆగలేదు. చంద్ర వెనకే నడిచింది.

"ఎవురక్కా... ఎవురు తీస్తాండేది?"

నారాయణే ఎవరినో వెంట పంపాడేమో. శివజ్యోతి ఆ అనుమానాన్నే గట్టిగా పట్టుకుంది. అది కూడా లేకపోతే ఇంకేం అనుకోవాలో ఆమెకు తెలియలేదు.

చంద్ర పరిగెత్తాడు. బొమ్మ మాత్రం అదే నడక. క్వారీ అంచున దారి లేక అతను వెనక్కి తిరిగాడు. చేతులు జోడించాడు. ఆ తర్వాత అంచు ఖాళీ... కింద పచ్చటి నీళ్ళు కదిలి, కుదురుకున్నాయి.

సుజన ఆ నీళ్ళను తెర మీద చేత్తో తడిమింది. శివజ్యోతికి కన్నీళ్ళొచ్చాయి. సుజన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బొమ్మ ఇంకా నడుస్తోంది. చాలాసేపు నీళ్ళను చూసి, వెనక్కి మళ్ళింది. ఎండ తీరు మారింది. మూలన తేదీ మారింది... ఈ రోజుది. టైము... ఇప్పటిది.

శివజ్యోతి కరెంటు తీగ పీకేసింది. తెర ఆరలేదు.

అది ఫ్యాక్టరీ వైపు రాలేదు. కంపచెట్లు దాటి ఒక సందులోకి తిరిగింది. రేకుల ఇల్లు. తీగ మీద ఆరేసిన చీర.

"మా ఇల్లక్కా అది... పాప జరమొచ్చి ఒక్కతే పండుకోనుండాది..."

మాట పూర్తికాకముందే సుజన గడప దాటి పరిగెత్తుతోంది.

తెర మీద తలుపు తెరుచుకుంది. ఒక చిన్న పిల్ల. తలెత్తి చూసి నవ్వింది. పక్కకు జరిగి, లోపలికి దారి ఇచ్చింది.